నన్నారి సీసాలు, దేవుని గంగాళం

నేను పనిచేసిన ఊళ్ళలో నా పేరు చాలామందికి తెలియదు. 'వాసన మేడమ్' అంటే మాత్రం తెలుస్తుంది. ఏ కొట్టుకు పోయినా, ఏ హోటలుకు పోయినా మూత తీసి ముందు వాసన చూసేదాన్ని కాబట్టి ఆ పేరు పెట్టారు. ఎగతాళికే పెట్టారు. అయినా ఇన్నేళ్ళూ ఆ ముక్కే నాకు అన్నం పెట్టింది. దాన్నిచ్చిన స్వామికి రోజూ పొద్దున్నే దండం పెట్టుకుంటాను.

రిటైరయినా అలవాటు పోలేదు. పెళ్ళిలో విస్తరి ముందు కూర్చుంటే ముందు పెరుగు వాసన చూస్తాను. బనగానపల్లె మామిడిపండు పసుపు పూసినట్టు ఒకే రంగులో మెరుస్తూ, తొడిమ దగ్గర వాసన లేకుండా ఉంటే తిప్పి బుట్టలోనే పెట్టేస్తాను. "మీ ఇంట్లో పిల్లోల్లకు ఏ బుట్టలో పండు పెడతావప్పా?" అని అమ్మేవాణ్ణి అడుగుతాను. అతను నోటితో ఏం చెప్తాడన్నది నాకు అక్కర్లేదు. కళ్ళు ఏ బుట్ట వైపు పోతాయో చూస్తాను.

ఆహార తనిఖీ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చిన ఆడపిల్లలు కొందరు, "మీ అనుభవాలు రాసిపెట్టండి మేడమ్" అని అడిగారు. సెక్షన్లు, నమూనాలకు సీళ్ళు వేసే పద్ధతి మీకు శిక్షణలో చెప్తారు. అవి నేను రాయను. నేను రాసేది అనుమానం గురించి. ఎవరిని అనుమానించాలో నాకు మంచి గురువులే నేర్పారు. ఆ వరసలో ఒక మనిషిని మాత్రం నేను వదిలేశాను. దానివల్ల ఇంకొకరి బతుకు వీధిలో పడింది. అది చెప్పడానికే ఈ కాగితాలు.

మగ్గం గట్టు మీద

నేను బడికి పోలేదు. మాది నేత ఇల్లు. అమ్మకు ఒంట్లో బాగుండేది కాదు, కండెలు చుట్టడానికి ఇంకో చేయి లేదు. అందుకని నాయన మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని నేస్తూ, గట్టు మీద నన్ను కూర్చోబెట్టుకుని ఎక్కాలు, పద్యాలు, భూగోళం అన్నీ చెప్పాడు. నేను ఒక ఎక్కం తప్పు చెబితే మగ్గం ఆగేది. మళ్ళీ సరిగ్గా చెప్తేనే కదిలేది. పదో తరగతి ప్రైవేటుగా రాశాను. సైన్సు డిగ్రీ కూడా ఇంట్లో కూర్చునే దూరవిద్యలో చదివాను. బడికి పంపలేదన్న దిగులు ఆయనకు చివరిదాకా ఉండేది. నాకు ఎప్పుడూ లేదు. అంత శ్రద్ధగా చెప్పే పంతులు ఏ బడిలో దొరుకుతాడు?

నాయనకు ఒక పద్ధతి ఉండేది. చీర మగ్గం దిగాక దాన్ని తాను చూసుకునేవాడు కాదు. పక్కింటి నేతగాడికి ఇచ్చి చూడమనేవాడు. ఆయన చీర ఈయన చూసేవాడు. "నీ చీర నువ్వే చూసుకోవచ్చు గదా నాయనా" అని ఒకసారి అడిగాను.

"నేసిన కంటికి తప్పు కనపడదు మా. నేసేటప్పుడే ఆ కన్ను తప్పుకు అలవాటు పడిపోయింటాది" అన్నాడు.

అది చీరల మాటే అనుకున్నాను. యాభై దాటాక గానీ అర్థం కాలేదు.

మోరీ, గడియారం

ఉద్యోగంలో నా మొదటి అధికారిని మేమంతా పెద్దసారు అనేవాళ్ళం. ఎవరినీ మెచ్చుకునే మనిషి కాదు. నవ్వు ముఖాన్ని అసలు నమ్మేవాడు కాదు. మొదటి రోజు హోటలు తనిఖీకి తీసుకుపోయి, నేను నేరుగా వంటింట్లోకి పోతుంటే ఆపాడు.

"యాడికి పోతాండావు? నువ్వు జీపు దిగేలోపలే వంటింటికి ఫోను పోయింటాది. కొత్త గుడ్డలు పరిచింటారు. వెనక్కి పో, మోరీ చూడు. మోరీకి ఎవరూ ఫోను చెయ్యరు."

వెనక మురుగు పారే మోరీలో నిన్నటి అన్నం, మొన్నటి నూనె, వారం కిందటి మాంసం, అన్నీ ఉన్నాయి. లోపల యజమాని తలకు టోపీ పెట్టుకుని మాకోసం నవ్వుతూ నిలబడి ఉన్నాడు.

పెద్దసారు నేర్పిన రెండో విద్య గడియారం. ఎక్కడైనా కొంతమందికి ఒకేసారి వాంతులైతే ముందు టైము అడగమనేవాడు. నోట్లో పడిన ఎంతసేపటికి కక్కారు? పొద్దున తిని సాయంత్రానికి, మరునాటికి అయితే అది చెడిన తిండిలో పెరిగిన సూక్ష్మజీవి పని కావచ్చు. అరగంటకే, గంటకే అయితే ముందు విషాన్ని వెతకాలి. పురుగుమందో, రంగో, లోహమో.

ఆ విద్యతోనే ఆత్మకూరు దగ్గర ఒక కేసు పట్టాను. మిరప చేలో పనిచేసే ఆడవాళ్ళు పదిమంది మజ్జిగ తాగి, గట్టు దిగేలోపలే పడిపోయారు. మజ్జిగ పులిసిందన్నారు, ఎండదెబ్బన్నారు, దిష్టి అన్నారు. నేను మజ్జిగ తెచ్చిన క్యాను వాసన చూశాను. కడిగినా పోని పురుగుమందు వాసన. ఖాళీ అయిన మందు క్యానును కడిగి మజ్జిగకు పెట్టారు. అప్పటికప్పుడు డాక్టరుకు చెప్పబట్టి స్వామి దయవల్ల అందరూ బతికారు. పెద్దసారు నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. "ముక్కు పనికొస్తాది నీది" అన్నాడు.

ఆ మాట నాకు శానా నచ్చింది. అదే కొంప ముంచింది కూడా. ఆ తర్వాత ప్రతి సీసాలోనూ నాకు ఆత్మకూరు క్యానే కనపడేది. మీరు గెలిచిన కేసుతో జాగ్రత్తగా ఉండండమ్మా. ఓడినది ఏదో ఒకటి నేర్పి పోతుంది. గెలిచినది కళ్ళకు గంతలు కట్టి పోతుంది.

కల్యాణం మరునాడు

నేను రిటైరవడానికి నాలుగేళ్ళ ముందు మాట. మైదుకూరుకు అవతల ఒక ఊళ్ళో ఉండేదాన్ని. ఊరి పేరు రాయను. వీధి చివర స్వామి గుడి. ప్రతి ఏడూ ఎండాకాలం మొదట్లో కల్యాణం జరుగుతుంది. ఆ ఏడు కల్యాణం మరునాడు శనివారం వచ్చింది. పొద్దున పదిగంటలకు స్వామికి నైవేద్యం పెట్టి, వచ్చినవాళ్ళందరికీ దొన్నెలతో పులిహోర పంచారు. శనివారాలు నాకు ఉపవాసం, దీపం పెట్టాకే ఎంగిలి పడతాను. నా దొన్నెను ఆకుతో మూసి ఇంటికి తెచ్చి దేవుని గూట్లో పెట్టుకున్నాను.

పదకొండున్నరకు ఆస్పత్రి నుంచి ఫోను. గుడి దగ్గర ఆడుకునే పిల్లలు వాంతులతో వచ్చారు, ముప్పై మందికి పైనే అన్నారు. పరిగెత్తాను.

ఆస్పత్రి వరండా అంతా పిల్లలు, తల్లులు. డాక్టరమ్మ ఉప్పు చక్కెర నీళ్ళు తాగిస్తోంది. పావని అని ఏడేళ్ళ పిల్ల, కక్కీ కక్కీ తోటకూర కాడలా వాలిపోయింది. దాని తల పట్టుకుని అడిగాను.

"ఏం తాగినావు తల్లీ?"

"సర్బత్తు."

"ఎట్లుండింది?"

"సర్బత్తు బాగుండాది. నోరే బాగలేదు. తాళంచెవి నాకినట్లుండాది."

ఆ మాట నా పుస్తకంలో రాసుకున్నాను. రాసుకున్నాను గానీ వినలేదు.

అందరినీ ఒకే ప్రశ్న అడిగాను. పొద్దున్నుంచి ఏం తిన్నారు, ఏం తాగారు? ఇంట్లో ఒకరు దోశ, ఒకరు ఉగ్గాని, ఒకరు సద్దన్నం. అందరూ కలిసేది ఒక్క చోటే. గుడి ముందర నన్నారి సర్బత్తు బండి. తాగిన ఎంతసేపటికి? అరగంటకు, ముక్కాలు గంటకు. గడియారం విషం అంటోంది. ఆత్మకూరు క్యాను కళ్ళ ముందు నిలబడింది.

హుసేనమ్మ బండి

బండి హుసేనమ్మది. దూదేకుల మనిషి. యాభై ఐదేళ్ళుంటాయి. భర్త పోయాక ఆ బండితోనే బతుకుతోంది. చలికాలంలో నల్లమల వైపు నుంచి వచ్చే నన్నారి వేర్లు కొని, దంచి, నానబెట్టి, కాచి, వడగట్టి సీసాలకు పోసుకుంటుంది. ఆ సీసాలే ఎండాకాలం నాలుగు నెలలు అమ్ముకుంటుంది. మిగతా ఏడంతా వాటి మీదే గడవాలి. అంతకుముందు ఏడు నేను ఆమెను రెండుసార్లు గదిమాను. చేపలకు వాడే ఐసు తెస్తోందని ఒకసారి, సీసాలు ఎక్కడివని ఒకసారి.

నేను పోయేసరికి బండి చుట్టూ జనం. కొందరి చేతుల్లో ఫోన్లు పైకి లేచి ఉన్నాయి. హుసేనమ్మ ఒక్కతే బండికి అడ్డంగా నిలబడి అందరికీ సమాధానం చెప్తోంది.

"ఏమప్పా నారాయణా, నిన్న ఐదు గ్లాసులు తాగితివే, నిన్న సావలేదే నువ్వు? ఈ పొద్దు సస్తావా?"

నన్ను చూసి ఆమె ముఖం వెలిగింది. అది ఇప్పటికీ మరిచిపోలేను. కాపాడే మనిషి వచ్చిందనుకుంది.

"వచ్చినావా మేడమ్! చూడు, బాగా చూడు. ఐసు నువ్వు చెప్పిన కాడ్నుంచే తెస్తాండా. ఇదో చీటీ. సీసాలు కొత్తవి. వాసన చూడు, నీకు తెలుస్తాది గదా!"

వాసన చూశాను. వేరు వాసన, బెల్లం పాకం వాసన, నిమ్మకాయ. ఇంకేమీ లేదు. ఇంకేమీ లేకపోవడమే నాకు అనుమానం అయింది. వాసన లేని మందు కలిసిందేమో, రంగు కోసం ఏమన్నా వేసిందేమో అనుకున్నాను. అనుమానం ఒకసారి కూర్చున్నాక మంచి వాసన కూడా సాక్ష్యం అయిపోతుంది.

నమూనా తీసి, సీలు వేసి, మిగతా సరుకును మూసి పక్కన పెట్టించాలి. ల్యాబు నుంచి కాగితం వచ్చేదాకా అది ఆమె సొత్తు. పద్ధతి అదే, నాకు తెలుసు. వెనకనుంచి "పారబోయండి, పారబోయండి" అని కేకలు. అందులో పావని తల్లి గొంతు కూడా ఉంది. నమూనా తీసుకున్నాను. తర్వాత నా నోటితోనే, "పోసేయండి" అన్నాను.

ఇరవై రెండు సీసాలు, ఆ ఏటికి ఆమె కాచుకున్నదంతా. మోరీ పక్కన మట్టిలో ఒక్కొక్కటే వంచారు. హుసేనమ్మ అరవలేదు. ఒకటి, రెండు అని సీసా సీసాకూ పెదాలు కదిలించింది. చివరిది వంచాక నా వైపు చూసి ఒక్క మాట అంది.

"నా చలికాలమంతా పారబోసినావు మేడమ్."

మధ్యాహ్నానికల్లా ఆ వీడియో ఊళ్ళో ప్రతి ఫోనులోనూ ఉంది. 'పిల్లలకు విషం పోసిన బండి' అని పైన రాశారు. వాసన మేడమ్‌కు చప్పట్లు కొట్టే బొమ్మలు పెట్టారు.

దీపం పెట్టాక

ఆ సాయంత్రం స్నానం చేసి, దీపం పెట్టి, పిల్లలందరూ కోలుకుంటున్నందుకు స్వామికి చెప్పుకుని, గూట్లో దొన్నె తీసి కళ్ళకద్దుకున్నాను. ఉపవాసం ఆకలి మీద దొన్నెలోది సగం తినేశాను.

నాలుక మీద ఏదో తగిలింది. పులుపు కాదు, చేదు కాదు. తాళంచెవి.

దొన్నె చేతిలోనే ఉంది. పావని మాట అప్పుడు వినపడింది. పొద్దున చెప్పిన మాట నా చెవికి చేరేసరికి సాయంత్రం అయింది. అరగంట గడియారం చూస్తూ కూర్చున్నాను. ముప్పై ఐదో నిమిషంలో వాంతి అయింది.

మిగిలిన సగం మూతగట్టిన డబ్బాలో పెట్టాను. పుస్తకం తీసి పొద్దుటి పేర్లన్నీ మళ్ళీ చదివాను. దోశ, ఉగ్గాని, సద్దన్నం, సర్బత్తు. ఏ ఒక్క పేరు పక్కనా పులిహోర లేదు. వాళ్ళు దాచలేదు, నేను కొట్టెయ్యలేదు. వాళ్ళకు గుర్తు రాలేదు, నాకు అడగాలని తోచలేదు. ప్రసాదాన్ని మనం తిండి లెక్కలో వేయం. ఉపవాసం ఉన్నవాళ్ళు కూడా రవ్వంత నోట్లో వేసుకుని, "పొద్దున్నుంచి ఏమీ తినలేదు" అంటారు. అది అబద్ధం అని ఎవరికీ అనిపించదు. నాకూ అనిపించదు.

మరునాడు పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగాను. ప్రశ్న మార్చాను. ఏం తిన్నారు అని కాదు, పొద్దున లేచాక నోట్లో ఏమేం పడింది, తీర్థంతో సహా చెప్పండి అని. నాకు కావలసింది ప్రసాదం తీసుకుని, సర్బత్తు తాగని మనిషి. వెతికితే అలివేలవ్వ దొరికింది. ఎనభై ఏళ్ళ మడి మనిషి. బయట నీళ్ళు కూడా ముట్టదు.

"అవ్వా, నిన్న నీకు ఒంట్లో ఎట్లుండింది?"

"నాకేం మా, రాయి మాదిరి ఉండా."

ఆమె కోడలు లోపలినుంచి, "యాడి రాయి! నిన్న మూడుసార్లు పెరట్లోకి పోలేదా?" అంది.

అవ్వ కోడలి వైపు కళ్ళెర్రజేసింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. కళ్ళల్లో నీళ్ళు.

"దేవుని ప్రసాదం కడుపులో నిలవలేదు మా. కక్కుకున్నా. ఏం పాపం చేసినానో! యెవరికన్నా చెప్పుకునే మాటనా అది?"

ఆ ఒక్క పొద్దులో అలాంటివాళ్ళు పదకొండు మంది దొరికారు. అందరూ పెద్దవాళ్ళే. అందరూ పాపం అనుకుని దాచుకున్నారు. అవ్వ పాదాలకు దండం పెట్టి లేచాను. నోరు విప్పినందుకు ఆమెకు నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

బంగారంలా మెరిసింది

గుడి వంటశాలకు పోయాను. పులిహోర కలిపింది పెద్ద ఇత్తడి గంగాళంలో. ముందురోజు సాయంత్రమే చింతపులుసు అందులో కాచి, తెల్లవారిందాకా అందులోనే ఉంచి, పొద్దున అన్నం కలిపారని వంటాయన చెప్పాడు. ప్రతి ఏడూ అట్లే చేస్తారట, ఎప్పుడూ ఏమీ కాలేదట.

గంగాళంలోకి వంగి చూశాను. లోపల బంగారంలా మెరుస్తోంది. అడుగున అంచు మలుపులో, కొబ్బరిపీచు దూరని చోట, వేలెడంత బూడిదరంగు తెలుపు మిగిలి ఉంది. దాని పక్కనే పచ్చని చిలుము.

ఆ తెలుపు కళాయి. ఇత్తడి గిన్నె లోపల తగరంతో పూసే పూత. ఆ పూత ఉంటే పులుపు ఇత్తడిని తాకదు. పూత పోతే పులుపు ఇత్తడిలోని రాగిని లాక్కుంటుంది. ఒక రాత్రంతా నిలవుంటే చాలు. ఇది నా పాఠ్యపుస్తకంలో ఉంది, పరీక్షలో రాశాను. మా ఇంట్లో మాత్రం మట్టికుండలు, ఆ తర్వాత స్టీలు. కళాయి పూత నా చేతికి తెలియదు.

కల్యాణానికి నాలుగు రోజుల ముందు గుడిలో పాత్రలు తోమే సేవకు పోయాను. ఏటా పోతాను. ఆ ఏడు గంగాళం నా వంతుకు వచ్చింది. లోపలంతా మసకగా, బూడిదరంగుగా కనపడింది. "అయ్యో, స్వామి పాత్రకు ఎంత మకిలి పట్టింది" అనుకున్నాను. చింతపండు, ఇటుకపొడి, కొబ్బరిపీచు పెట్టి, నామం చెప్పుకుంటూ, గంటకు పైగా రుద్దాను. ఏళ్ళ తరబడి మళ్ళీ పూయించక అరిగిపోయిన కళాయి, నా భక్తికి ఆ మిగిలిందీ పోయింది. పక్కనున్న ఆడవాళ్ళు చూసి, "మేడమ్ చెయ్యి పడితే అద్దమే!" అన్నారు. ఆ రోజు ఇంటికి పోయి చేతులు చూసుకుని మురిసిపోయాను.

ఊరందరి చేతులూ అనుమానించినదాన్ని, నా చేతులు తప్ప.

శెట్టిగారు

గుడి కమిటీ పెద్ద సుబ్బయ్య శెట్టిగారు. బజార్లో బట్టల కొట్టు. గంగాళం ఆయన తల్లి పేరున ఇచ్చినదే, అంచు మీద ఆమె పేరు చెక్కి ఉంటుంది. ఆయన చెడ్డవాడని నేను రాయను. కరువు ఏడాది ఎన్ని ఇళ్ళకు బియ్యం పంపాడో నాకు తెలుసు. విషయం చెప్పగానే తలుపు దగ్గరగా వేశాడు.

"చూడమ్మా, నువ్వూ స్వామిని నమ్మినదానివే. పిల్లోల్లు బాగైనారు. గంగాళం తీసి అవతల పెట్టిస్తా. సర్బత్తు అని ఊరంతా అనుకునుండాది, అట్లే ఉండనీ."

"హుసేనమ్మ బతుకు?"

"ఆమెకు ఏదో ఒక దారి చూపిస్తాంలే. ప్రసాదం మీద ఒకసారి అనుమానం పడితే, రేపు యెవరన్నా చెయ్యి చాపుతారా?"

నిజం చెప్తున్నాను, ఒక్క నిమిషం నాకూ అట్లే ఉంటే బాగుండుననిపించింది. అది స్వామి పేరు కోసమా, నా పేరు కోసమా అని నన్ను నేను అడుక్కున్నాను. జవాబు మంచిది రాలేదు.

"శెట్టిగారూ, విషం పోసిందన్న పేరుతో ఆమె సావాల్నా? స్వామికి పేరు కాపాడిపెట్టేంత దాన్ని కాదు నేను" అని లేచాను.

రిపోర్టు మాత్రం నేను రాయలేదు. నాయన పద్ధతి గుర్తొచ్చింది. పై అధికారికి ఫోను చేసి జరిగింది చెప్పి, పక్క డివిజను అధికారిణిని పంపమన్నాను. నాకంటే పదిహేనేళ్ళు చిన్నది, ముఖం మీద మాట్లాడే మనిషి. నా ఇంట్లో డబ్బా, వంటశాలలో మిగిలిన పులుసు ఆమే తీసుకుని సీలు వేసింది. గుడి అరుగు మీద శెట్టిగారు, వంటాయన, సేవకు వచ్చిన ఆడవాళ్ళు అందరూ ఉన్నారు. ఆమె గంగాళం లోపల చెయ్యి పెట్టి తడిమి, తల ఎత్తి అడిగింది.

"లోపల ఇంతగా తోమిందెవరు?"

ఎవరూ నా వైపు చూడలేదు. నా మీద గౌరవంతోనే చూడలేదు.

"నేను" అన్నాను.

ఆమె కలం ఆగింది. "రాయమ్మా, నా పేరు హోదాతో సహా రాయి" అన్నాను. రాసింది. సీసాలు పద్ధతి తప్పి పారబోయించానన్నదీ రాయించాను. దానికి నాకు మెమో వచ్చింది, రావలసిందే. కొన్ని వారాలకు ల్యాబు కాగితాలు కూడా వచ్చాయి. పులిహోరలో రాగి. సర్బత్తులో ఏమీ లేదు.

సంతరోజు గ్లాసు

ల్యాబు కాగితాల కోసం ఆగలేదు. గంగాళం చూసిన మరునాడే హుసేనమ్మ ఇంటికి పోయాను. బండిని గోడకు ఆనించి, దాని మీద చేటలు ఆరబెట్టింది. తప్పు నాదని చెప్పాను. ఏ తప్పో, ఎట్లా జరిగిందో అంతా చెప్పాను. వింది. కూర్చోమనలేదు.

"ఇది నా చెవిలో చెప్తే ఏం లాభం మేడమ్? పారబోసేటప్పుడు ఊరంతా చూసె గదా. ఇప్పుడు గూడా చూడనీ."

"ఏం చెయ్యమంటావు?"

"ఇంట్లో నా కోసం దాచుకున్న సీసా ఒకటుండాది. బేస్తవారం సంత. నువ్వు ఉద్యోగం చీటీ మెడలో ఏసుకుని రా."

పోయాను. సంత మధ్యలో, ఎండ నెత్తిన ఉన్నప్పుడు, జరిగింది నా నోటితో గట్టిగా చెప్పాను. పిల్లలు కక్కింది ప్రసాదం వల్ల, ప్రసాదం చెడింది గంగాళం వల్ల, గంగాళం చెడింది నా చేతుల వల్ల అని. ఫోన్లు మళ్ళీ లేచాయి. హుసేనమ్మ గ్లాసు నింపి ఇచ్చింది. నేను నేరుగా తాగబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు. వాసన చూడు."

"ఎందుకు హుసేనమ్మా, నమ్మకమే."

"నీ నమ్మకం ఎవరికి కావాల? నువ్వు వాసన చూడకుండా తాగితే వీళ్ళు నమ్మరు. నేనూ నమ్మను."

జనం నవ్వారు. వాసన చూశాను. వానపడిన మట్టిలోంచి అప్పుడే తీసిన వేరు వాసన. గ్లాసు ఎత్తి మొత్తం తాగాను. రెండో గ్లాసు పావని తల్లి అడిగి తీసుకుంది. తాగింది గానీ, పక్కనే చెయ్యి చాపిన పావనికి మాత్రం ఇవ్వలేదు. హుసేనమ్మ అది చూసింది. నేనూ చూశాను. ఈ వీడియోను అంతమంది చూడలేదు. ఆ ఏడు ఆమె ఎండాకాలం తిరిగి రాలేదు. తర్వాత ఏడు బండి మళ్ళీ గుడి ముందుకు వచ్చింది. పావని రెండు గ్లాసులు తాగింది.

గంగాళం అవతల పారేయడానికి శెట్టిగారికి మనసు రాలేదు, తల్లి పేరున్నది. కళాయి పూసేవాడి కోసం కడప దాకా మనుషులను పంపాడు, దొరకలేదు. ఈ సంగతి విని హుసేనమ్మ పకపకా నవ్వింది.

"మా అన్న ఉండ్లేదా! పిలిచేవాళ్ళు లేక కళాయి తిత్తి అటక మీద పెట్టినాడు. శెట్టిని వచ్చి అడగమను."

శెట్టిగారు పోయి అడిగారు. గుడి ఆవరణలోనే నిప్పు పెట్టి, తిత్తి ఊది, నవాసారం పొడి చల్లి పొగ లేపి, దూదితో తగరం తిప్పి పూశాడు హుసేనమ్మ అన్న. బంగారు రంగు మాసిపోయి, లోపలంతా బూడిదరంగు తెలుపు పరుచుకుంది. ఇప్పుడు ఏటా కల్యాణానికి ముందు ఆయన వచ్చి చూసి, సరేనంటేనే గంగాళం పొయ్యి ఎక్కుతుంది. నేనూ వేలు పెట్టి తడుముతాను. తర్వాత ఇంకొకరిని పిలిచి చూడమంటాను.

ఆ మొదటిరోజు గంగాళం చల్లారాక నేను వంగి చూస్తుంటే, హుసేనమ్మ వెనకనుంచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది.

"బాగా చూసుకో మేడమ్. ఇది మకిలి కాదు. మళ్ళా భక్తి పుట్టి రుద్దేవు."